రాకగీత

మా ల్యాబ్‌లో దాన్ని పాగా అంటాం. అసలు పేరు మూడు లైన్ల పొడవుంటుంది. గ్రాంటు కాగితాల మీద తప్ప అంత పేరుతో దాన్ని ఎవరూ పిలవరు. తలకి చుట్టే మెత్తటి పట్టీ, దాని లోపల నూటపన్నెండు చిన్న తీగచుట్టలు. పెట్టుకున్నవాళ్ళు పెళ్ళిలో మగపెళ్ళివారి తరఫు పెద్దమనుషుల్లా కనిపిస్తారు, అందుకని ఆ పేరు.

మొట్టమొదట దాన్ని పెట్టుకున్నాయన స్కూలు డ్రిల్లు మాస్టారు. భార్య పోయి రెండేళ్ళయినా రోజూ రెండు గ్లాసుల్లో కాఫీ పోసేవాడు. పాగా పెట్టి, ఆవిడ పేరు నలభైసార్లు చెప్పించాం. పేరు చెప్పినప్పుడల్లా తెర మీద ఒక గీత గుట్టలా లేచేది. ఆవిడ ఇప్పుడో ఇంకాసేపటికో వచ్చేస్తుందని ఆయన మెదడు వేసుకుంటున్న అంచనా అది. దానికి మేం రాకగీత అని పేరు పెట్టుకున్నాం. మనకి దగ్గరైన ఒక్కొక్కరికీ మన లోపల ఒక్కో రాకగీత ఉంటుంది. మనిషి పోయినా ఆ గీత పోదు. దుఃఖంలో సగం అదేనని మా ఎవాంజలిన్ మేడమ్ పదకొండేళ్ళు తల బద్దలుకొట్టుకుని తేల్చారు. పాగా ఆ గుట్టని చదును చేసింది. మూడో రోజున డ్రిల్లు మాస్టారు మా క్యాంటీన్‌కి వెళ్ళి ఒక్క కాఫీ చెప్పాడు. భార్య గురించి అడిగితే నవ్వుతూ అన్నీ చెప్పాడు, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. వాకిలివైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. మేం ల్యాబ్‌లో స్వీట్లు పంచుకున్నాం.

ఆ ల్యాబ్‌లో మేడమ్ తర్వాత నేనే. పేరు హైమావతి, ముప్పైతొమ్మిదేళ్ళు. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్ళు కూడా అలిసిపోయి అడగడం మానేశారు. విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో నేనూ, మా అమ్మ వరహాలమ్మా ఉంటాం. నాన్న సత్తిరాజు కాకినాడలో ఐస్ ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌గా చేసి, మూడేళ్ళ కిందట గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను.

తెచ్చుకున్న వారం నుంచే మొదలైంది. సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి అమ్మ తలుపు తీసి, గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. కాకినాడలో నాన్న షిఫ్టు దిగి వచ్చే వేళ అది. ఈ ఊరు నాన్న చూడలేదు. ఈ మెట్లు ఆయన ఎక్కలేదు. ఆ సంగతి అమ్మకీ తెలుసు. "పిచ్చిదాన్ననుకుంటున్నావేమో. ఆయన రారని నాకు తెలీదుటే? తెలిసినా కూచోబుద్ధేస్తుంది" అనేది.

నాకోసం కూడా చూసేది. ఏడు దాటితే ఫోను. "బయల్దేరేవా?" ఏడుంబావుకి మళ్ళీ ఫోను. "ఎక్కడిదాకా వచ్చేవు?" నేను వచ్చేదాకా ముద్ద ముట్టేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి మీటింగులో ఉండగా నాలుగుసార్లు మోగితే, బయటికొచ్చి, "నేనేం పాలుతాగే పిల్లనా? రాకపోతే నువ్వేం చేస్తావు అక్కడ కూర్చుని?" అని కసిరాను. అమ్మ నొచ్చుకోలేదు. "సరేలే, చల్లారిపోద్ది, తొందరగా రా" అని పెట్టేసింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మొన్న శ్రావణంలో ఒక సాయంత్రం కింద ఎవరిదో సైకిల్ బెల్లు మోగింది. కాకినాడలో నాన్న సైకిల్ మీదే వచ్చేవాడు. అమ్మ ఏమనుకుందో ఏమో, చెప్పులైనా వేసుకోకుండా గబగబా మెట్లు దిగింది. ఆఖరి మెట్టు మీద జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పక్క ఫ్లాట్‌వాళ్ళు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నేను వెళ్ళేసరికి చేతికి పిండికట్టుతో కూర్చుని, "అన్నం వార్చలేదే, ఎలాగ?" అంది. మణికట్టు కాబట్టి సరిపోయింది, రేపు తలో, తుంటో అయితే? అప్పుడే నిశ్చయించుకున్నాను.

సొంతవాళ్ళ మీద పాగా వాడకూడదన్నది మా ల్యాబ్‌లో మొదటి నియమం. ఆ నియమం రాసింది నేనే. ఎవాంజలిన్ మేడమ్ బెంగుళూరులో ఏదో సభకని పదిరోజులు వెళ్ళారు. అడిగితే వద్దంటారని తెలిసి అడగలేదు. అమ్మ పేరు బదులు "సబ్జెక్టు నలభైమూడు" అని రాసుకుని, ఆదివారం పొద్దున్నే ల్యాబ్‌కి తీసుకెళ్ళాను.

"దీంతో ఏవవుద్ది?" అంది అమ్మ, నేను పాగా చుడుతుంటే.

"నాన్న కోసం చూడ్డం తగ్గుతుంది. ఆయన గుర్తుంటాడు. చూడ్డం ఒక్కటే ఉండదు."

పాగా అంచు తడిమి చూసుకుంది. "అలాగైతే నీకు నాతో బెంగ ఉండదా?"

"ఉండదు."

"అయితే కానీ."

మైకు దగ్గరికి జరిపాను. "నాన్న పేరు చెప్పమ్మా. నెమ్మదిగా, నలభైసార్లు."

నేనేదో బూతుమాట అన్నట్టు చూసింది. "మొగుడి పేరు నోటితో అంటారుటే ఎవరైనా? ఆయనకి ఆయుక్షీణం."

"నాన్న పోయి మూడేళ్ళయిందమ్మా! ఇంకెక్కడి ఆయుష్షు?"

"అయినా సరే" అని మూతి బిగించింది.

ఇక ఆవిణ్ణి బ్రహ్మదేవుడు కూడా కదల్చలేడు. పింఛను కాగితాల దగ్గర గుమాస్తా అడిగినా నావైపు చూసి మోచేత్తో పొడిచిన మనిషి ఆవిడ. పోనీ ఫొటో చూపిద్దామా అంటే, ఉన్న ఒక్క మంచి ఫొటోకీ దండ వేసేశాం. అది చూపిస్తే తెర మీద గీత కదలలేదు. దండ వేసిన ఫొటోలో మనిషి వస్తాడని మెదడు మాత్రం ఎలా అనుకుంటుంది?

విసుగొచ్చింది. "పోనీ, నాన్న వచ్చే వేళకి ఏమనేదానివి?"

"ఏవంటాను? 'హైమా, మీ నాన్న వస్తున్నారేవో చూడవే' అనేదాన్ని."

నిజమే. నాన్నతో అమ్మ నేరుగా మాట్లాడగా నేను విన్నది తక్కువ. ఎదురుగా కూర్చుని ఉన్న మనిషికి కూడా, "హైమా, మీ నాన్నని స్నానానికి లెమ్మను", "హైమా, మీ నాన్నకి మజ్జిగ కావాలేవో అడుగు" అని నా చేతే కబురంపేది. నాన్న కూడా తక్కువ తినలేదు. "మీ అమ్మకి చెప్పవే, కూరలో ఉప్పు చాల్లేదు" అనేవాడు. మూడడుగుల దూరంలో ఉన్న ఇద్దరి మధ్య నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నేను పోస్టుమాన్ ఉద్యోగం చేశాను.

"అదే అను. నలభైసార్లు" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అమ్మ కళ్ళు మూసుకుంది. "హైమా, మీ నాన్న వస్తున్నారేవో చూడవే." తెర మీద గీత లేచింది. అంత ఎత్తు గుట్ట నేను ఎవరి తలలోనూ చూడలేదు. దాని పక్కనే, కాస్త ఆలస్యంగా ఇంకో చిన్న గుట్ట కూడా లేచింది. పక్క తీగచుట్టల అలజడి అయ్యుంటుందని వదిలేశాను. పెద్దదానికి గుర్తు పెట్టాను. ఆ ఆదివారం, బుధవారం, శుక్రవారం, మూడు విడతల్లో దాన్ని నేలమట్టం చేశాను.

శనివారం ల్యాబ్‌లో పని ఎక్కువై ఎనిమిదిన్నర అయింది. ఫోను చూసుకుంటే అమ్మ నుంచి ఒక్క కాల్ కూడా లేదు. నా సంతోషం ఏమని చెప్పను! బస్సులో నిలబడే పాట పాడుకున్నాను. మెట్లెక్కి వెళ్ళేసరికి తలుపు తీసి ఉంది. గుమ్మం పక్కన కుర్చీ ఉంది. కుర్చీలో అమ్మ ఉంది. నా అడుగు వినగానే చటుక్కున లేచింది. ముఖం విప్పారింది. నన్ను చూడగానే ముడుచుకుపోయింది.

"నువ్వా. మీ నాన్న అనుకున్నాను" అంది.

"ఇంకా కూర్చుంటున్నావేమ్మా?"

"ఏవో, అలవాటు. పోలేదు" అని, "అన్నం ఉంది, పెట్టుకు తిను. నేను తినేసేను" అంది.

నేను రాకుండా అమ్మ అన్నం తినడం అదే మొదలు.

ఆరోగ్యం బాగాలేదేమో అనుకున్నాను. మర్నాడు కావాలని చెప్పకుండా బయటికెళ్ళి రాత్రి ఎనిమిది దాకా తిరిగాను. ఫోను రాలేదు. తిరిగొస్తే, "వచ్చేవా" అంది, పాలవాడితో అన్నట్టు. నామీద కోపం లేదు, చిరాకు లేదు. దోసె వేసి పెట్టింది. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యేసి చూస్తుంది. ఎదురుగా ఉంటే నేను అమ్మకి కూతుర్నే. గడప దాటానంటే ఆవిడకి నేను లేను. కుర్చీలో కూర్చుని నాన్న కోసం చూస్తుంది, నేను పక్కనుంచి లోపలికి వెళ్తాను.

ఎవాంజలిన్ మేడమ్ తిరిగొచ్చిన రోజే అంతా చెప్పేశాను. ఆవిడ కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. కుర్చీ లాక్కుని అమ్మ రికార్డు తెర మీద పెట్టించి, మూడుసార్లు విన్నారు. "హైమా, మీ నాన్న వస్తున్నారేవో చూడవే."

"ఈ మాట ఆవిడ ఎవరితో అంటున్నారు?" అని అడిగారు.

"నాతో."

"మరి ముందు ఎవర్ని తలుచుకుంటారు?"

మేడమ్ పెన్నుతో పెద్ద గుట్ట లేచిన చోటు చూపించి, "ఇది నువ్వు. పక్కనున్న చిన్నది మీ నాన్నగారు. ఆయన ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నారు" అన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి, "అంత అనుభవం ఉన్నదానివి, చిన్నదాన్ని అలజడని ఎలా అనుకున్నావు హైమా?" అన్నారు.

దానికి నా దగ్గర జవాబుంది, ఆవిడకి చెప్పలేకపోయాను. అంత ఎత్తున లేచింది మొగుడి కోసమే అయ్యుంటుంది అనుకున్నాను. నాకోసం ఒక మనిషి లోపల అంత పెద్ద గుట్ట ఉంటుందని నాకు తోచనే లేదు. నన్ను చూసి అలా ఎవరు లేచారు గనక!

"మళ్ళీ వస్తుందా మేడమ్?"

"పసిపిల్లలకి ఎనిమిది నెలల్లో ఏర్పడుతుంది. అరవైఎనిమిదేళ్ళ మెదడులో ఏర్పడుతుందో లేదో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు." ఆవిడ ఆ రోజే పైకి రిపోర్టు రాశారు. పాగా గది తాళం నా దగ్గర్నుంచి తీసుకున్నారు. న్యాయమే.

నేను మాత్రం ఊరుకోలేదు. పసిపిల్లలకి ఎలా ఏర్పడుతుంది? ఒకే మనిషి ఒకే వేళకి మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఏర్పడుతుంది. అంతే కదా! ఆ రోజు నుంచి ఆరూ ఇరవైకి గుమ్మంలో ఉండేదాన్ని. వానలో వచ్చాను, బందు రోజున నడిచి వచ్చాను. రోజూ దేవుడి పటానికి ఒక మూర చామంతిపూలు తెచ్చాను. ఐదు నెలలు అలా చేశాను. అమ్మ పూలు తీసుకుని, "బాగున్నాయే" అనేది. ఒకరోజు కావాలనే రాలేదు. తొమ్మిదింటికి వెళ్తే నిద్రపోతోంది. పూలేవని మర్నాడైనా అడగలేదు.

చివరికి ఒక ఆదివారం, ఇద్దరం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుండగా, అమ్మకి అంతా చెప్పేశాను. తప్పు ఎలా జరిగిందో, ఏది పోయిందో విడమర్చి చెప్పి ఏడ్చాను. అమ్మ చేతిలో పని ఆపకుండా విన్నది.

"అయితే ఏవైందే? నువ్వు రోజూ వస్తున్నావు కదా. వచ్చేవాళ్ళ కోసం చూడ్డం ఎందుకు?" అంది.

"ఇదివరకు చూసేదానివమ్మా."

"చూసేనేవో. నీకు కోపం కూడా వచ్చేది" అంది. దెప్పడానికి కాదు, నిజంగా గుర్తుకొచ్చి అంది. తర్వాత కొంగుతో నా ముఖం తుడిచి, "ఏడవకు. చిక్కుళ్ళలోకి వెల్లుల్లి వెయ్యనా?" అని అడిగింది. నేను వెయ్యమన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. ఒకరోజు బియ్యం బస్తా మోసుకుంటూ మెట్లెక్కాను. బరువుకి అడుగులు ధన్ ధన్‌మని పడ్డాయి. తలుపు దగ్గర అమ్మ లేచి నిలబడింది. అంత విప్పారిన ముఖం నేను నెలల తరబడి చూడలేదు. బస్తా వెనకనుంచి నా తల కనబడేదాకా, ఓ మూడు క్షణాలు, ఆ ముఖం నావైపే చూసింది.

మర్నాడు బస్తా లేదు. అయినా అలాగే ఎక్కాను. మడమలు మెట్టు మీద గట్టిగా ఆనించి, మధ్యలో ఒక్కసారి ఆగి, కాకినాడ ఇంటి మెట్లు నాన్న ఆయాసపడుతూ ఎక్కేవాడే, అలాగ. మలుపు తిరిగే ముందు కాసేపు నిలబడేదాన్ని. అమ్మ లేస్తున్న చప్పుడు, నాన్న పోయినా తియ్యని గాజుల చప్పుడు వినపడేవి. అప్పుడు మలుపు తిరిగేదాన్ని. ఆ మూడు క్షణాలూ చూసుకుని, ఆ తర్వాత "నువ్వా" అనిపించుకునేదాన్ని. రోజూ ఇదే పని. మానవ మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ చేసిన దాన్ని, కన్నతల్లి దగ్గర చచ్చిపోయిన నాన్న వేషం వేశాను.

ఇంతలో మేడమ్ పిలిచారు. పైన అనుమతులిచ్చే కమిటీవాళ్ళు అమ్మకి మళ్ళీ పాగా పెట్టడానికి ఒప్పుకున్నారట. ఈసారి మేడమ్ స్వయంగా చేస్తారు. నాన్న గీత ఎక్కడుందో ఇప్పుడు స్పష్టంగా తెలుసు కాబట్టి పొరపాటు జరగదు. అమ్మ వేలిముద్ర, నా సంతకం ఉంటే చాలు. "మీ అమ్మగారికి ఏ ప్రమాదం కోసమైతే ఇదంతా మొదలుపెట్టావో, అది అలాగే ఉంది కదా" అన్నారు.

కాగితం తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాను. అమ్మని అడిగితే, "నీ ఇష్టం, నువ్వెలా అంటే అలా" అంది. మూడు వారాలు ఆ కాగితం బ్యాగులోనే ఉంది. అమ్మ మంచికే ఆలోచిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ గీత కూడా పోతే గుమ్మంలో ఇంకెవరూ లేవరు. నాన్న పేరుమీదైనా సరే, నాకు ఆ ముఖం కావాలి.

ఆ శుక్రవారం కరెంటు లేదు. మెట్ల మీద మసక. నేను ఎప్పటిలాగే మడమలు ఆనించి ఎక్కి, మలుపుకి ఇవతల ఆగాను. గాజులు చప్పుడయ్యాయి. ఎందుకో నాకు ఇంకాస్త కావాలనిపించింది. కదలకుండా నిలబడిపోయాను. నాన్నలాగా ఒక్కసారి దగ్గాను కూడా.

"ఆగేరేం? ఆయాసవొచ్చిందా?" అంది అమ్మ పైనుంచి. నా ద్వారా కాదు. తిన్నగా, నాన్నతోనే. ఆవిడ గొంతు అలా ఉంటుందని నాకు ఇన్నేళ్ళలో తెలీదు. "ఉండండి, నే వస్తన్నాను" అని చీకట్లో గబగబా మెట్లు దిగింది.

నాలుగో మెట్టు మీద పాదం తప్పింది. నేను ఎగబాకి రెండు చేతులా పట్టుకున్నాను. ఆవిడ బరువంతా నా మీద పడి, ఇద్దరం గోడకి కొట్టుకుని అక్కడే కూలబడ్డాం. దెబ్బ తగల్లేదు. అమ్మ నా భుజం తడిమింది, జడ తడిమింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నువ్వుటే" అంది. అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మూడేళ్ళ కిందట నాన్నని తీసుకెళ్ళిన రోజున కూడా అంతలా ఏడవలేదు. నేను ఆవిణ్ణి పట్టుకుని, "నేనే అమ్మా, తప్పు నాదే" అంటూనే ఉన్నాను. ఏ తప్పో ఆవిడ అడగలేదు.

ఆ కాగితం మీద సోమవారం సంతకం పెట్టాను. మేడమ్ మూడు విడతల్లో పూర్తిచేశారు. నేను గది బయట బెంచీ మీద కూర్చున్నాను.

మూడో విడత అయిన మర్నాడు సాయంత్రం మామూలుగా, మామూలు అడుగులతో మెట్లెక్కాను. తలుపు వేసి ఉంది. బెల్లు కొట్టాను. లోపల టీవీ మోగుతోంది. మళ్ళీ కొట్టాను.

"ఎవరూ?"

"నేనే."

"గడియ పెట్టలేదే, తోసుకు రా" అంది అమ్మ, కూర్చున్న చోటినుంచే.

తోసుకుని వెళ్ళాను. అమ్మ సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ముఖం నిమ్మళంగా ఉంది. నుదుటి మీద ఎప్పుడూ ఉండే ముడత కూడా పోయింది. నన్ను చూసి నవ్వి, కాస్త జరిగి చోటిచ్చింది. తలుపు నేను పూర్తిగా వెయ్యలేదు. గాలికి కిర్రుమంటోంది. ఇదివరకైతే ఆ చప్పుడుకే లేచేది. ఇప్పుడు తల తిప్పలేదు.

ఉండబట్టలేక అడిగాను. "తలుపు అలా ఉంచెయ్యనా అమ్మా, ఎవరైనా వస్తారేమో?"

"ఇంకెవరొస్తారే?" అంది అమ్మ, టీవీ మీదినుంచి చూపు తిప్పకుండా. "అందరం ఇంట్లోనే ఉన్నాంగా."

ఇద్దరమే ఉన్నాం. నేను వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చి, ఆవిడ పక్కన కూర్చున్నాను.